తెల్లబడని పగడం

పగడం అంటే మన ఆడవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పుస్తెల తాడులో నల్లపూసల పక్కన ఎర్రగా కనిపించేదే పగడం. లేనివాళ్లు కూడా రెండు పగడాలైనా గుచ్చుకుంటారు. మరి ఆ పగడం ఎక్కడ పుడుతుంది? భూమిలో దొరుకుతుందా? చెట్టుకు కాస్తుందా?

పగడం సముద్రంలో పుడుతుంది. చూడ్డానికి రాయిలా ఉంటుంది. కొమ్మలు వేసి మొక్కలాగా పెరుగుతుంది. కానీ అది ఒక జీవి కట్టుకున్న ఇల్లు. మనం మెడలో వేసుకునే ఎర్ర పగడం చాలావరకు యూరపు దగ్గర ఉన్న మధ్యధరా సముద్రంలోది. అది లోతైన నీళ్లలో, వెలుతురు తక్కువ ఉన్నచోట పెరుగుతుంది. దానికి చుట్టాలు చాలామంది ఉన్నారు. అవి వెచ్చని సముద్రాల్లో, ఒడ్డుకు దగ్గరగా, వెలుతురు బాగా ఉన్నచోట పెరుగుతాయి. కోట్ల కోట్ల ఇళ్లు ఒకదాని మీద ఒకటి కట్టి పెద్ద పెద్ద దిబ్బలు చేస్తాయి. వాటినే పగడపు దిబ్బలు అంటారు.

ఆ దిబ్బల మీద 30 ఏళ్లకు పైగా పనిచేసిన ఒక శాస్త్రవేత్త ఉంది. ఆమె పేరు రూత్ గేట్స్. ఆమె ఏం వెతికింది, ఏం కనిపెట్టింది అన్నది తెలియాలంటే ముందు పగడపు జీవి సంగతి తెలుసుకోవాలి.

అద్దెకున్న నాచు

పగడపు జీవి చాలా చిన్నది. ఎక్కువ రకాల్లో మినపగింజంత, శనగగింజంత ఉంటుంది. ఒళ్లు మెత్తగా ఉంటుంది. నడుమ ఒక నోరు. నోటి చుట్టూ పువ్వు రేకుల్లాగా సన్నని చేతులు. అది ఒకచోట అతుక్కున్నదంటే ఇక కదలదు. సముద్రపు నీటిలో ఉన్న సరుకు తీసుకుని తన కిందే సున్నపురాయి తయారు చేసుకుంటుంది. దాని పక్కన ఇంకోటి, దాని మీద ఇంకోటి. గుండ్రంగా బండలాగా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే ఎక్కువ. అంటే మనిషంత ఎత్తు దిబ్బ లేవాలంటే వంద ఏళ్లు దాటుతుంది.

ఇంత పనికి దానికి బలం ఎక్కడిది? ఇక్కడే ఒక చిత్రం ఉంది.

పగడపు జీవి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. మన చెరువుల్లో నాచు చూస్తాం కదా, అట్లాంటిదే, కానీ ఇంకా సన్నం. ఆ నాచు ఎండ వెలుగుతో తిండి వండుకుంటుంది. ఆకులు చేసే పనే ఇదీ చేస్తుంది. వండిన దాంట్లో చాలా భాగం ఇంటి యజమానికి, అంటే పగడపు జీవికి ఇచ్చేస్తుంది. పగడానికి కావలసిన బలంలో 90 శాతం దాకా ఇట్లా నాచు నుంచే వస్తుంది. బదులుగా పగడం దానికి ఉండడానికి చోటు ఇస్తుంది. తన ఒంట్లోంచి పోయే వ్యర్థాలను ఎరువుగా ఇస్తుంది. అద్దె డబ్బుల్లో కాకుండా అన్నంలో కట్టినట్టు అన్నమాట.

పగడానికి గోధుమ రంగో, ఆకుపచ్చో వచ్చేది కూడా ఎక్కువగా ఈ నాచు వల్లే. నాచు లేకపోతే పగడపు ఒళ్లు గాజులాగా ఉంటుంది. కింద ఉన్న తెల్లని సున్నం కనపడుతుంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది.

సముద్రం అడుగు మొత్తంలో పగడపు దిబ్బలున్న చోటు ఒక శాతం కన్నా తక్కువ. కానీ సముద్రంలో ఉండే జీవుల రకాల్లో సుమారు నాలుగో వంతు ఏదో ఒక దశలో ఆ దిబ్బల ఆసరాతోనే బతుకుతాయి. చేప పిల్లలు అక్కడే దాక్కుంటాయి. పీతలు, రొయ్యలు, నత్తలు అక్కడే పెరుగుతాయి. పెద్ద అల వస్తే దిబ్బ ముందు కాసుకుంటుంది. ఒడ్డున ఉన్న ఊరికి దెబ్బ తగ్గుతుంది.

మన తీరంలో ఇట్లాంటి పెద్ద దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుతో సముద్రం బురదగా ఉంటుంది. పగడానికి తేట నీళ్లు కావాలి, ఎండ దిగాలి. మన దేశంలో చూడాలంటే తమిళనాడులో రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న మన్నారు సింధుశాఖలో చూడాలి. లేదా అండమాన్‌లో, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో. ఇక లక్షద్వీప్ దీవులైతే పుట్టిందే పగడపు సున్నం నుంచి. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు సున్నం బట్టీల కోసం పగడపు రాళ్లు తవ్వి పడవల్లో తెచ్చేవాళ్లు. 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ వన్యప్రాణి చట్టంలో చేర్చారు. పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

జమైకాలో తెల్లబడిన పగడాలు

రూత్ గేట్స్ 1962లో సైప్రస్ దీవిలో ఒక బ్రిటిష్ కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడు టీవీలో సముద్రపు అడుగున తీసిన సినిమాలు చూసేది. ఫ్రాన్సు దేశస్థుడు కుస్తో తీసిన సినిమాలవి. నీళ్ల కింద ఇంత లోకం ఉందా అని ఆశ్చర్యపోయేది. పెద్దయ్యాక ఆ చదువే చదివింది. 1984లో ఇంగ్లండులోని న్యూకాజిల్ యూనివర్సిటీలో డిగ్రీ అయింది. పై చదువు కోసం పగడాలను ఎంచుకుంది. వాటిని చూడాలంటే ఇంగ్లండులో కుదరదు, అక్కడి సముద్రం చల్లన. అందుకని జమైకా అనే దీవికి వెళ్లింది. అది అమెరికాకు కింద, కరీబియన్ సముద్రంలో ఉంది.

వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగడం, పగడాలను కొలవడం, రాసుకోవడం. ఇదీ పని. 1987లో అక్కడ ఒక వింత జరిగింది. నిన్నమొన్నటి దాకా గోధుమ రంగులో ఉన్న పగడాలు తెల్లగా పాలిపోయాయి. సున్నం కొట్టినట్టు అయిపోయాయి. జమైకాలోనే కాదు, ఆ చుట్టుపక్కల దీవుల్లో కూడా ఇదే మాట. ఎందుకు ఇట్లా అయింది? రోగమా? విషమా? అప్పటికి ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

రూత్ తన దగ్గరున్న లెక్కలు చూసింది. ఆ రోజుల్లో సముద్రపు నీటి వేడి మామూలు కన్నా ఎక్కువగా ఉంది. వేడికీ తెల్లబడడానికీ సంబంధం ఉందని 1990లో ఒక వ్యాసం రాసింది. ఈ సంగతి మీద తొలి రోజుల్లో వచ్చిన రాతల్లో అదొకటి. అదృష్టం కొద్దీ ఆ తెల్లబడిన పగడాలు అన్నీ చావలేదు. నీళ్లు చల్లబడ్డాక చాలావాటికి రంగు తిరిగి వచ్చింది.

ఎంత వేడి అయితే తెల్లబడతాయి? మరిగే నీళ్లు అక్కర్లేదు. ఆ చోట ఎండాకాలంలో మామూలుగా ఉండే వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి, అట్లా కొన్ని వారాలు నిలిస్తే చాలు. ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది. మనకు ఒంట్లో ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే జ్వరం అంటాం. నెల రోజులు ఆ జ్వరం దిగకపోతే మనిషి ఏమైపోతాడు? పగడం సంగతీ అంతే.

చదువు అయ్యాక రూత్ అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌కు వెళ్లింది. అక్కడి యూనివర్సిటీలో పదేళ్లకు పైగా పనిచేసింది. సముద్రంలో దిగడం తగ్గింది, సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం పెరిగింది. వేడెక్కినప్పుడు నాచు పగడాన్ని వదిలి ఎట్లా పోతుంది అనేది ఆమె ప్రశ్న. 1992లో ఆమె, ఆమెతో పనిచేసిన వాళ్లు ఒక సంగతి చూపించారు. వేడి దెబ్బకు నాచు ఒక్కటే బయటికి పోవడం కాదు, నాచును దాచుకున్న పగడపు కణమే ఊడి పడిపోతుంది. ఇంటిగది గదే కూలిపోయినట్టు.

వేడి ఎక్కువైతే నాచు వంట చెడుతుంది. తిండికి బదులు పగడానికి హాని చేసే పదార్థాలు తయారవుతాయి. అప్పుడు ఇద్దరికీ పొసగదు. నాచు పోతే పగడానికి తిండి పోతుంది. వెంటనే చావదు. కొన్ని వారాలు ఉన్న కొవ్వుతో నెట్టుకొస్తుంది. ఈలోగా నీళ్లు చల్లబడి నాచు తిరిగి చేరితే బతుకుతుంది. చేరకపోతే ఆకలితో చస్తుంది. ఆ తెల్లని సున్నం మీద పిచ్చి నాచు మొలిచి చీకిపోయినట్టు అవుతుంది.

చావుల లెక్క

1998లో ప్రపంచమంతటా సముద్రాలు వేడెక్కాయి. మన లక్షద్వీప్‌లో, మన్నారు సింధుశాఖలో కూడా పగడాలు తెల్లబడ్డాయి. ఆ ఒక్క ఏడాది దెబ్బకు ప్రపంచంలోని దిబ్బల్లో వందకు 16 పోయాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2010లో మళ్లీ. 2014 నుంచి 2017 దాకా మళ్లీ. ఆస్ట్రేలియా పక్కన 2,300 కిలోమీటర్ల పొడవున ఉన్న పెద్ద దిబ్బల వరసలో 2016 ఒక్క ఏడాదే పగడాలు సుమారు 30 శాతం చచ్చిపోయాయి.

సముద్రం ఎందుకు వేడెక్కుతోంది? బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినప్పుడు వచ్చే పొగలోని వాయువు దుప్పటిలాగా భూమిని కప్పుతుంది. లోపలి వేడిని బయటికి పోనివ్వదు. అట్లా మిగిలిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతుంది. పగడం ఏ ఫ్యాక్టరీ పెట్టింది, ఏ మోటారు తోలింది? అయినా అనుభవించేది అదే.

పగడాల మీద పనిచేసే వాళ్లకు ఇది మనసు చెడగొట్టే పని అయిపోయింది. వెళ్లడం, చచ్చినవాటిని లెక్కపెట్టడం, రాసుకు రావడం. రూత్ కూడా ఇరవై ఏళ్లకు పైగా ఇదే చూసింది.

రెండు పగడాలు, ఒకటే నీళ్లు

2003లో రూత్ హవాయి దీవులకు మారింది. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న ఈ దీవులు అమెరికాలో ఒక రాష్ట్రం. అక్కడ ఒఆహు అనే దీవి పక్కన కానెఓహె అనే అఖాతం ఉంది. అఖాతంలో ఒక చిన్న దీవి ఉంది. ఇంగ్లీషులో దాన్ని కొబ్బరి దీవి అంటారు. హవాయి యూనివర్సిటీ వాళ్ల సముద్ర పరిశోధన కేంద్రం ఆ దీవి మీదే ఉంది. పడవెక్కి పనికి పోవాలి. కిటికీలోంచి చూస్తే కిందే పగడాలు.

ఈ అఖాతానికి ఒక పాత కథ ఉంది. ఏళ్ల తరబడి పట్నం మురుగు నీళ్లు దీంట్లోకే వదిలారు. పగడాలు బాగా దెబ్బతిన్నాయి. 1977, 78లో మురుగు గొట్టాన్ని దూరంగా లోతు సముద్రానికి మళ్లించారు. మెల్లగా పగడాలు మళ్లీ లేచాయి. అంటే ఇక్కడివి కష్టం చూసి తట్టుకున్న పగడాలు. పైగా అఖాతం నీళ్లు బయటి సముద్రం కన్నా కాస్త వెచ్చన.

2014లో ఇక్కడ కూడా పగడాలు తెల్లబడ్డాయి. 2015లో వెంటనే మళ్లీ. రూత్, ఆమె దగ్గర పనిచేసే కుర్రవాళ్లు, అమ్మాయిలు నీళ్లలోకి దిగారు. అప్పుడు వాళ్లకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడింది. ఒక పగడం పూర్తిగా తెల్లబడి ఉంది. దాని పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, అదే జాతి పగడం నిక్షేపంగా గోధుమ రంగులో ఉంది. రెండింటికీ ఒకటే నీళ్లు. ఒకటే ఎండ. ఒకటే వేడి. మరి ఇది ఎందుకు తెల్లబడింది, అది ఎందుకు తెల్లబడలేదు?

వాళ్లు అట్లాంటి జంటలను వెతికి ఒక్కొక్కదానికి నంబరు చీటీ కట్టారు. తెల్లది ఒకటి, దాని పక్కన తెల్లబడనిది ఒకటి. తర్వాత ఏళ్ల తరబడి అవే పగడాల దగ్గరికి వెళ్లి చూస్తూ వచ్చారు. చచ్చినవాటి లెక్క ఒక పక్కన పెట్టి, బతికినదాన్ని ఎందుకు బతికావని అడగడం మొదలుపెట్టారన్నమాట. రూత్ చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

కొంత కారణం నాచులో దొరికింది. నాచులో రకాలున్నాయి. కొన్ని వేడికి ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోలేవు. ఓర్చుకునే నాచు ఉన్న పగడం నిలుస్తుంది. అయితే ఓర్చుకునే రకం తిండి కాస్త తక్కువ పెడుతుంది. అందుకే అన్ని పగడాలూ దాన్నే పెట్టుకోవు. మిగతా కారణం పగడం ఒంట్లోనే, దాని పుట్టుకలోనే ఉంది.

విత్తనం ఎంచినట్టు

పంట ఇంటికి వచ్చినప్పుడు ఆడవాళ్లు ఏం చేస్తారు? మంచి కంకులు ఏరి పక్కన పెడతారు. అవి విత్తనానికి. తెగులు వచ్చిన ఏడాది కూడా చేలో నాలుగు మొక్కలు పచ్చగా నిలబడితే, ఆ గింజలు పోనివ్వరు. రూత్ అనుకున్నది సరిగ్గా ఇదే. వేడికి నిలబడిన పగడాలను ఏరి, వాటికి పిల్లలు పుట్టించి, ఆ పిల్లలను దిబ్బల మీద నాటితే?

ఆస్ట్రేలియాలో మడలీన్ వాన్ ఓపెన్ అనే మరో మహిళా శాస్త్రవేత్తకూ ఇదే ఆలోచన ఉంది. ఇద్దరూ కలిశారు. 2013లో ఈ ఆలోచన రాసి ఒక పోటీకి పంపితే 10,000 డాలర్ల బహుమతి వచ్చింది. పోటీ పెట్టింది మైక్రోసాఫ్ట్ అనే కంప్యూటర్ కంపెనీని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన పాల్ అలెన్. 2015లో ఆయన సంస్థే సుమారు 40 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బుతో పని ఊపందుకుంది.

వాళ్లు నాలుగు దారులు పట్టారు. గట్టి పగడాలను ఎంచి వాటికి సంతానం పుట్టించడం ఒకటి. పగడాలను తొట్టెల్లో పెట్టి కొద్దికొద్దిగా వేడి అలవాటు చేయడం ఇంకొకటి. మిరప నారు పీకే ముందు నీళ్లు తగ్గించి గట్టిపరుస్తారు కదా, అట్లాగే. తల్లికి అలవాటైన ఓర్పు పిల్లలకు కూడా ఎంతో కొంత వస్తుందా అని చూశారు. నాచునే వేడికి మరిపించి తిరిగి పగడానికి ఇవ్వడం మూడోది. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మజీవులను మార్చి చూడడం నాలుగోది.

సంతానం పుట్టించడం మాటలు కాదు. పగడాలు ఎప్పుడంటే అప్పుడు పిల్లలు పెట్టవు. కానెఓహెలో బియ్యం పగడం అనే రకం ఉంది. అది వేసవిలో, అమావాస్య దగ్గరి రాత్రుల్లో, అదీ రాత్రి సుమారు 9 గంటలప్పుడు మాత్రమే గుడ్లు వదులుతుంది. ఒక ఊరు ఊరంతా ఒకే ముహూర్తం పెట్టుకున్నట్టు అన్నీ ఒకేసారి వదులుతాయి. గుడ్లూ బీజమూ కలిసిన చిన్న చిన్న ముద్దలు నీటి మీదికి తేలతాయి. ఈ రకంలో ఒక్కో పగడమే ఆడ, మగ రెండూ. ఆ కాసేపట్లోనే వలలతో, గిన్నెలతో ఆ ముద్దలు పట్టాలి. ఏ పగడానివి ఆ పగడానివి విడిగా ఉంచాలి. తర్వాత గట్టిదానికి గట్టిదాన్ని కలపాలి. ఆ రాత్రి తప్పితే మళ్లీ వచ్చే అమావాస్య దాకా ఆగాలి. వేసవి దాటితే వచ్చే ఏడే.

వద్దన్న వాళ్లు ఉన్నారు

ఈ పనిని అందరూ మెచ్చుకోలేదు. కొందరు శాస్త్రవేత్తలు గట్టిగా కాదన్నారు. వాళ్ల మాటలో కూడా న్యాయం ఉంది. సముద్రం ఎంత, తొట్టె ఎంత? తొట్టెల్లో పెంచిన పగడాలు వేల కిలోమీటర్ల దిబ్బలకు ఏ మూలకి? ఒక్క గట్టి రకమే నాటితే రేపు కొత్త రోగం వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి పోవా? అన్నిటికన్నా ముఖ్యం, శాస్త్రవేత్తలు పగడాలను బాగు చేస్తారులే అని దేశాలు పొగ తగ్గించడం మానేస్తే?

పొగ తగ్గించాల్సిందే, దానికి ఇది బదులు కాదని రూత్ కూడా ఒప్పుకునేది. కానీ ఇవాళే పొగ ఆపినా, ఇప్పటికే చేరిన వేడి వెంటనే పోదు. అప్పటిదాకా కొన్ని పగడాలనైనా నిలబెట్టాలి కదా అన్నది ఆమె వాదన. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవడం ఆమెకు నచ్చలేదు. ఈ తగువు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

రూత్ చాలా కలుపుగోలు మనిషి. కరాటేలో నల్ల బెల్టు కూడా సంపాదించింది. 2015లో ప్రపంచ పగడపు దిబ్బల శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షురాలయింది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. కొబ్బరి దీవిలోని పరిశోధన కేంద్రానికి కూడా డైరెక్టరయింది. 2017లో పగడాల మీద వచ్చిన ఒక సినిమాలో కనిపించి, తన పని అందరికీ అర్థమయ్యేట్టు చెప్పింది.

2018లో ఆమెకు జబ్బు చేసింది. అక్టోబరు 25న చనిపోయింది. అప్పటికి ఆమెకు 56 ఏళ్లే. పనికి డబ్బిచ్చిన పాల్ అలెన్ సరిగ్గా పది రోజుల ముందే చనిపోయాడు.

ఆ తర్వాత

పని ఆగిపోతుందని కొందరు భయపడ్డారు. ఆగలేదు. ఆస్ట్రేలియాలో వాన్ ఓపెన్ జట్టు నాచును నాలుగేళ్లపాటు వేడి నీళ్లలో తరం తర్వాత తరం పెంచింది. 2020లో ఫలితం చెప్పారు. పది రకాల నాచు పెంచితే అందులో మూడు, పగడపు పిల్లల ఒంట్లో చేరాక కూడా వాటిని వేడికి కాపాడాయి. ఇది తొట్టెల్లో జరిగిన సంగతి. సముద్రంలో ఎంతవరకు పనిచేస్తుందో ఇంకా చూడాలి.

సముద్రం మాత్రం ఎవరి కోసమూ ఆగడం లేదు. 2023లో మొదలైన వేడి దెబ్బ ఇప్పటి వరకు వచ్చిన వాటన్నిటికన్నా పెద్దది. 2025 నాటికి ప్రపంచంలోని దిబ్బల్లో సుమారు 84 శాతానికి తెల్లబడేంత వేడి తగిలింది.

కానెఓహెలో 2019లో నీళ్లు మళ్లీ వేడెక్కాయి. రూత్ అప్పటికి లేదు. ఆమె దగ్గర పని నేర్చుకున్న వాళ్లు పడవెక్కి, 2015లో కట్టిన నంబరు చీటీలు వెతుక్కుంటూ నీళ్లలోకి దిగారు. చీటీల మీద పేరుకున్న నాచు గీకి నంబర్లు చదివారు. నాలుగేళ్ల కింద తెల్లబడినవి చాలావరకు మళ్లీ తెల్లబడ్డాయి. అప్పుడు నిలిచినవి చాలావరకు ఈసారీ గోధుమ రంగులోనే ఉన్నాయి.